కమిలిన ముఖం మానేదాకా

చర్మవైద్యంలో చదువు ముగించి కొత్తగా క్లినిక్ పెట్టబోయే పిల్లలు అప్పుడప్పుడు శ్రీనగర్ కాలనీలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే. "మేడమ్, ముందుగా ఏ మెషీన్ కొనమంటారు?"

నేను ప్రాక్టీసు మానేసి కొంతకాలమైంది. ఇప్పటి యంత్రాల పేర్లు కూడా నాకు సరిగా తెలియవు. తెలిసిందల్లా ఒకటే. యంత్రం ఆపేసిన తర్వాత ఆ మనిషి ఇంటికి వెళ్లి తన ముఖంతో తాను బతకాలి. ఆ తర్వాతి రోజుల్లో మనం ఏం చేశామన్నదే మన పనితనం. ఈ సంగతి ఒక్కొక్కరికీ విడిగా చెప్పి అలసిపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పదవుల, సన్మానాల జోలికి పోను. ఎక్కువగా ఒక్క కేసు గురించే చెబుతాను. అందరి పేర్లూ మార్చాను.

వరండాలో చేసిన డ్యూటీ

మాది ఏలూరు. నాన్నగారు మిషన్ బడిలో టీచరు. నేను చర్మవైద్యం తీసుకున్నానని చెప్పగానే అమ్మ ముఖం చిన్నబోయింది. అప్పట్లో చర్మం డాక్టరంటే గజ్జి, తామర, కుష్ఠు. సినిమావాళ్లు వచ్చి వరసలో కూర్చునే రోజులు ఇంకా రాలేదు.

ప్రభుత్వాసుపత్రిలో మా ప్రొఫెసరు గారు జబ్బు గుర్తుపట్టడంలో దిట్ట. గుమ్మంలోంచే చూసి పేరు చెప్పేసేవారు. అయితే రోగితో మాట్లాడేవారు కాదు. మంచం పక్కన నిలబడి మాకు ఇంగ్లిషులో పాఠం చెప్పి, పక్క మంచానికి నడిచేవారు. ఆయన అటు తిరగ్గానే రోగి నా కొంగు పట్టుకుని, "పెద్ద డాక్టరు ఏమన్నారమ్మా?" అని అడిగేవాడు. రౌండ్లు అయ్యాక వరండాలో నిలబడి అందరికీ తెలుగులో చెప్పడం నా వంతు అయింది.

ఒకసారి ముఖం మీద బొల్లి మచ్చ వచ్చిన ఒకావిడ నేను చెప్పిందంతా విని, "అయితే ఇది నా పిల్లలకి అంటదా?" అని అడిగింది. అంటదు అన్నాను. ఆవిడ అక్కడే గోడకి ఆనుకుని కూలబడి ఏడ్చేసింది. మచ్చ కనబడ్డప్పటి నుంచీ పిల్లల్ని పక్కలోకి రానివ్వలేదట. ఆ ఒక్కమాట మా ప్రొఫెసరు గారు ముందురోజే చెప్పి ఉండొచ్చు. ఆయనంటే నాకు గౌరవం. ఆ విషయంలో మాత్రం ఆయనది తప్పేనని ఇప్పటికీ అంటాను.

స్వరూప

ప్రభుత్వోద్యోగం అయిపోయాక జూబ్లీహిల్స్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో సీనియర్ డాక్టరుగా చేరాను. దాని యజమాని చక్రధర్ గారు నాకంటే చిన్నవారు, తెలివైన డాక్టరు. ఫిల్మ్‌నగర్ దగ్గర కాబట్టి మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది సినిమాల్లోనో సీరియళ్లలోనో పనిచేసేవాళ్లే. లేజర్ గది చూసేది నిఖిత. అప్పుడే పీజీ పూర్తిచేసిన అమ్మాయి. చెయ్యి తేలిక, చురుకు ఎక్కువ.

నేను సెలవు పెట్టి ఊరెళ్లిన వారంలో స్వరూప మా క్లినిక్‌కి వచ్చింది. నలభై దాటిన మనిషి. రోజూ వచ్చే ఒక సీరియల్లో అత్తగారి వేషం. ఇల్లు మోతీనగర్. భర్త కరెంటాఫీసులో ఉద్యోగి, ఇంట్లో అత్తగారు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తర్వాత ఆమెకి రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. ఎన్నో ఏళ్లు మేకప్ కింద దాచుకుంటూ వచ్చింది. ఛానెల్‌వాళ్ల పండగ కార్యక్రమంలో స్టేజి మీద కనబడాల్సి రావడంతో దాన్ని తీయించుకుందామని వచ్చింది. మా రిసెప్షన్‌లో, "పండగకల్లా మెరిసిపోతారు" అని చెప్పారు.

ఆమె అంతకుముందు వారమంతా వికారాబాద్ వైపు అవుట్‌డోర్ షూటింగులో ఎండలో నిలబడింది. ఎండకి కమిలి ఉన్న చర్మం మీద లేజర్ పెట్టకూడదు. పెట్టినా వేడి బాగా తగ్గించి పెట్టాలి. ఎండలో తిరిగారా అని నిఖిత అడగలేదు. అడగాలని తెలియక కాదు. బయట ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారని, అదే రోజు లేజర్ పెట్టేసింది.

సెలవు నుంచి వచ్చిన రోజు వెయిటింగ్ హాల్లో ఒకావిడ ముఖానికి స్కార్ఫ్ చుట్టుకుని మూల కుర్చీలో కూర్చుని ఉంది. లోపలికి పిలిచి స్కార్ఫ్ తీయమన్నాను. బుగ్గల మీద కట్టిన చెక్కులు అక్కడక్కడా రాలి, వాటి కింద చర్మం ముదురు గోధుమరంగులోకి తిరిగింది. ఎడమ దవడ దగ్గర ఇంకా పచ్చిగా ఉంది. అంతకుముందు మంగు మబ్బులా పరుచుకుని ఉండేదట. ఇప్పుడు ఎవరో బొట్టుకాడతో అద్దినట్టు గుండ్రంగా మచ్చలు.

"మీ క్లినిక్ పిల్లలు నాది సెన్సిటివ్ స్కిన్ అంటున్నరు మేడమ్," అంది. "నా తోలే గిట్లుందేమో. ముందుగాల చెప్పకపోతిని."

సీరియల్లో ఆమె మాట్లాడే తీరు వేరు. అక్కడ 'ఏమండీ', 'చూశారా' అంటూ నిదానంగా సాగదీస్తుంది. నా ఎదురుగా కూర్చున్నప్పుడు ఆమె నోట ఆ భాష ఒక్కసారీ రాలేదు.

చక్రధర్ గారి భయం

పచ్చిగా ఉన్నచోట రాయడానికి మందు ఇచ్చి, మర్నాడు రమ్మని పంపించాను. తర్వాత చక్రధర్ గారి గదిలోకి వెళ్లాను. ఆయనకి అప్పటికే తెలుసు.

"మేడమ్, ఆవిడకి సారీ అని మాత్రం చెప్పకండి," అన్నారు. "రియాక్షన్ అనండి. కొందరికి వస్తుంది కదా. కావాలంటే మూడు సెషన్లు ఫ్రీగా ఇద్దాం."

"కాలినచోట మళ్లీ లేజరా?"

"ఇప్పుడు కాదు లెండి, మానాక."

"మానుతుందో లేదో నాకే తెలియదు. ఎప్పటికి మానుతుందో అసలే తెలియదు."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లారు. "ఆవిడ నోట ఒక్కమాట బయటికొస్తే రేపు ఫిల్మ్‌నగర్ మొత్తం చెప్పుకుంటారు. ఇక్కడ ఇంతమంది జీతాలున్నాయి. మీకు తెలియంది కాదు."

చక్రధర్ గారు చెడ్డవారని రాయడం నాకు ఇష్టం లేదు. ఆయన భయపడ్డారు. భయంలో ఉన్న యజమాని మాటలు చాలావరకు న్యాయంగానే వినిపిస్తాయి. మీరూ ఒకరోజు అలాంటి గదిలో నిలబడతారు. అప్పుడు ఒక్కటి చూసుకోండి. ఆ మాటల్లో రోగి ఎక్కడుంది? ఆ రోజు ఆయన మాటల్లో క్లినిక్ ఉంది, జీతాలున్నాయి, ఫిల్మ్‌నగర్ ఉంది. స్వరూప బుగ్గలు లేవు.

"నేను నిజం చెబుతాను," అన్నాను. "మీకు నచ్చకపోతే నేను చెప్పడం అయ్యాక నన్ను పంపించెయ్యండి."

అని బయటికి వచ్చేశాను.

నిఖిత వెనక గదిలో మందుల అలమర ముందు నిలబడి సీసాలు సర్దుతోంది. సర్దినవే మళ్లీ సర్దుతోంది. రేపు నాతోపాటు కూర్చోవాలి అన్నాను.

"వద్దు మేడమ్. ఆవిడ నన్ను చూస్తే... నేను తట్టుకోలేను."

"రేపు తట్టుకోవాల్సింది ఆవిడ. నువ్వు పక్కన ఉండు, చాలు."

నిజం చెప్పిన రోజు

మర్నాడు స్వరూప వచ్చింది. నిఖిత నా పక్క కుర్చీలో కూర్చుంది. నేను మామూలు మాటల్లోనే చెప్పాను. మీ చర్మంలో ఏ లోపమూ లేదు. ఎండలో ఉండి వచ్చారా అని మేం అడగాలి, అడగలేదు. ఆ రోజు మీకు పెట్టిన వేడి మీ చర్మానికి ఎక్కువైంది. అందుకే కాలింది. తప్పు మాది. క్షమించండి.

స్వరూప కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే వినడానికి సిద్ధంగానే ఉన్నాను.

"ఇన్ని దినాల సంది," అంది చివరికి, "నేనే ఏదో తప్పు చేసిన్నేమో అనుకుంట ఉన్న మేడమ్. సబ్బు మార్చిన్నా, మేకప్ సరిగ కడగలేనా అని. రాత్రంత గదే. నా తోలే నాకు పగైందనుకున్న." అంతవరకే చెప్పగలిగింది. తర్వాత ఏడ్చింది. నిఖిత కూడా ఏడ్చింది, తల ఎత్తకుండా.

ఇది మీరు బాగా గుర్తుంచుకోవాలి. 'సెన్సిటివ్ స్కిన్' అని మనం నోటికొచ్చినట్టు అనే మాట ఆవిడ ఇంటికి మోసుకెళ్లింది. మన తప్పుకి తన శరీరాన్ని తిట్టుకుంది. కాలినచోట కంటే అక్కడే ఆవిడకి ఎక్కువ నొప్పి ఉంది.

ముఖం తుడుచుకున్నాక అడిగింది. "మల్ల ఎప్పటిలెక్కనే అయితదా?"

"చాలావరకు అవుతుంది. మొత్తం అవుతుందని మాట ఇవ్వలేను."

"పండుగకు?"

"కాదమ్మా. నెలలు పడుతుంది. ఏడాదైనా పట్టొచ్చు."

నిఖిత వైపు చూసింది. "నువ్వేనా ఆనాడు చేసింది?"

"నేనేనండీ," అంది నిఖిత.

స్వరూప స్కార్ఫ్ చుట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాదేమో అనుకున్నాను. చెప్పిన రోజుకి వచ్చింది.

మానడం ఎలా ఉంటుందంటే

గాయపడ్డ మన చర్మం రంగును ఎక్కువగా పుట్టిస్తుంది. ఆ రంగు కొంత లోతుకి దిగిపోతుంది. అది మెల్లగా పైకి వచ్చి రాలిపోవాలి. మనం చేయగలిగింది చాలా తక్కువ. ఎండ తగలనివ్వకూడదు. గిల్లకూడదు. మెత్తని సబ్బుతో కడిగి, తేమ ఆరకుండా చూసుకోవాలి. పుండు పూర్తిగా మానాక మచ్చ తగ్గించే క్రీము కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. ఇది చెప్పగానే ప్రతి రోగీ అడిగే మాట ఒకటుంది. "ఇంతేనా?" స్వరూప కూడా అదే అడిగింది.

ఆ 'ఇంతే' చేయడం ఎంత కష్టమో చూసే మనకి తెలియదు. ఆవిడ రోజుకి ఎన్నిసార్లు అద్దం చూసుకునేదో. నిద్ర లేవగానే, స్నానం అయ్యాక, లిఫ్టులో, ఫోన్ కెమెరాలో. ఒక్కో లైటు కింద ఒక్కోలా కనబడుతుంది కదా, ఉదయం తగ్గిందనుకున్నది సాయంత్రానికి పెరిగినట్టు ఉండేది. అద్దం చూడొద్దంటే ఎవరూ మానరు. అందుకని, ఆదివారం ఉదయం కిటికీ దగ్గర మాత్రమే పరీక్షగా చూసుకోండి, మిగతా రోజుల్లో తల దువ్వుకోవడానికే అద్దం అని చెప్పాను. నెలకోసారి మా గదిలో ఒకే కుర్చీలో, ఒకే వెలుతురులో నిఖిత ఫొటో తీసేది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించేది. రోజూ చూసే కంటికి కనబడని మార్పు అందులో కనబడేది.

మొదటి రెండుసార్లు ఫొటో తీసేటప్పుడు నిఖిత చెయ్యి వణికింది. "వణుకకు, మసక వస్తది," అంది స్వరూప. కోపంగానే అంది. అయినా వాళ్లిద్దరి మధ్య మాట మొదలైంది అక్కడే.

సీరియల్‌వాళ్లు మొదట్లో మంచిగానే ఉన్నారు. కథలో అత్తగారిని కాశీయాత్రకి పంపించారు. యాత్ర ఎంతకాలం సాగుతుంది? ఒకరోజు కాశీ నుంచి తిరిగొచ్చిన అత్తగారు వేరే ఆవిడ. ఇకపై ఈ పాత్రలో ఫలానావారు అని తెర కింద ఒక వరస వేశారు, అంతే.

"మా అత్త రోజూ సూస్తది గా సీరియల్," అని స్వరూప నాకు చెప్పింది. "నా ముందల చూడబుద్ధిగాక టీవీ బంద్ చేసింది. పెట్టు అత్తమ్మా అన్న. ఇద్దరం కూసొని చూసినం. కొత్తామె మంచిగనే చేస్తున్నది మేడమ్."

జవాబు లేనప్పుడు మాట్లాడకుండా ఉండటం కూడా ఈ వృత్తిలో నేర్చుకోవాల్సిందే. ఇంకో వేషం దొరుకుతుంది లెండి అని ఆ క్షణాన అనేవాళ్లు తమ ఇబ్బంది తప్పించుకోవడానికే అంటారు.

ఒక్కరోజు ముఖం

మచ్చలు సగానికి పైగా తేలికపడ్డాక ఒకనాడు స్వరూప మళ్లీ ముఖమంతా కప్పుకుని వచ్చింది. స్కార్ఫ్ తీస్తే బుగ్గలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. తగ్గిన నలుపు తిరిగి వచ్చింది. కొత్త సీరియల్‌కి, వేషం కెమెరాలో ఎలా ఉంటుందో చూసే లుక్ టెస్ట్ ఉందని పిలిచారట. ఎవరో ఒక తెల్లబడే క్రీము ఇచ్చారు. స్టెరాయిడ్ కలిపిన క్రీము అది. రాసిన కొద్దిరోజులు ముఖం నిగనిగలాడింది. లుక్ టెస్ట్ బాగానే అయింది. రాయడం ఆపగానే ఇలా అయింది. వేషం కూడా రాలేదు.

నిఖిత ఆగలేకపోయింది. "ఎందుకు రాశారండీ? ఇన్ని నెలలు ఎంత జాగ్రత్తగా చేశాం! మీకు అన్నీ చెప్పాం కదా!"

స్వరూప ఆమెని చూసింది. "నెలనెల ఫొటో తీసి, తక్కువైంది తక్కువైంది అంటవు. నాకూ కనబడ్తున్నది. కానీ కెమెరాకు నెలనెల ఫొటోలు పనికిరావు నిఖితమ్మా. గా దినం ముఖం కావాలె. నువ్వు చూపెట్టేది రేపటిది. వాళ్లు పిలిచింది ఇయ్యాలకు."

నిఖిత లేచి, గాజుగుడ్డ చల్లటి నీళ్లలో తడిపి తెచ్చి ఆమె బుగ్గల మీద పెట్టింది. చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.

చెప్పిన మాట వినని రోగిని తెలివితక్కువ మనిషి అనుకోవడం మనకి చాలా సులువు. స్వరూపకి ఆ క్రీము సంగతి తెలియక కాదు. మేం ఆమెకి వేచి ఉండమని చెప్పాం, వేచి ఉన్నంతకాలం ఎలా బతకాలో చెప్పలేదు. ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం. ఎరుపు తగ్గాక, ఫలానా రోజున పని ఉందంటే ముందుగా చెప్పమన్నాం. ఏ మేకప్ వేసుకోవచ్చో, ఎంతసేపు ఉంచుకోవచ్చో, ఎలా తీసెయ్యాలో నిఖిత దగ్గరుండి నేర్పింది. వారానికోసారి ఫోన్ చేసేది. అందులో చర్మం గురించి మాట్లాడేది కొంతే. పిల్లల పరీక్షలు, అత్తగారి మోకాళ్లు, ఎక్కడెక్కడ వేషాలున్నాయి, ఇవే ఎక్కువ. చిన్న చిన్న పాత్రలు దొరికాయి. పక్కింటి పిన్నిగా, పెళ్లిలో నిలబడే మేనత్తగా. పాత వేషం స్థాయిది మళ్లీ రాలేదు. రాలేదనే రాయాలి.

చక్రధర్ గారు నన్ను పంపించలేదు. స్వరూప సంగతి కూడా నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. కొన్నాళ్లకి మాత్రం, లేజర్ కావాలని వచ్చినవాళ్లకి అదే రోజు చేయకూడదనీ, ముందు డాక్టరు చూసి మరో రోజు రమ్మనాలనీ రిసెప్షన్‌లో చెప్పారు. నాకు అది చాలు.

చివరి ఫొటో

మరుసటి ఏడాది వానలు వెనకబట్టాక ఒకరోజు నిఖిత చివరి ఫొటో తీసింది. లేజర్‌కి ముందు తీసిన ఫొటో పక్కన పెట్టింది. కాలిన మచ్చలు పోయాయి. ఎడమ దవడ దగ్గర మినపగింజంత తెల్లటి చుక్క మిగిలింది. అది పోదని నాకు తెలుసు, స్వరూపకి కూడా చెప్పాను. బుగ్గల మీద మాత్రం పాత మంగు, ఎక్కడ ఉండేదో అక్కడే, ఎంత ఉండేదో అంతే.

స్వరూప రెండు ఫొటోలూ మార్చి మార్చి చూసింది. "గిదేనా మేడమ్, నేను తీసెయ్యమన్నది?" అంది. నవ్వబోయింది, కుదరలేదు. "ఏడాది పైన తిరిగిన గీ మంగు కోసం. మల్ల వచ్చిందంటే పానం నిమ్మలమైతున్నది."

ఆ మాటకి నేను సంతోషించలేకపోయాను. ఒక మనిషి ఏడాది పైగా కష్టపడి బయల్దేరినచోటికే చేరుకుంది. దాన్ని నయం కావడం అని మనం పుస్తకంలో రాసుకుంటాం. ఆవిడ పోగొట్టుకున్నవి ఏ ఫొటోలోనూ కనబడవు. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు, బాగైంది అన్న మాట వాడేముందు ఇది ఆలోచించాలి.

ఇక రానక్కర్లేదని చెప్పాను. సరేనని వెళ్లింది.

నేను ప్రాక్టీసు మానేయడానికి కొద్దిరోజుల ముందు ఆమె మళ్లీ వచ్చింది. మేకప్ లేదు, ముఖానికి స్కార్ఫ్ లేదు. వెంట డిగ్రీ చదివే అమ్మాయి, చెల్లెలి కూతురట. మొటిమలు తగ్గి బుగ్గల మీద గుంటలు మిగిలాయి. లేజర్ చేయించుకుంటానని ఇంట్లో గొడవ చేస్తోందట.

"కూర్చో తల్లీ, చూద్దాం," అన్నాను.

"మీరు కాదు మేడమ్, ఏమనుకోకుండ్రి," అంది స్వరూప. "నిఖితమ్మకు చూపెడ్త. ఆమె చెయ్యొచ్చంటేనే చేపిస్త."

పెద్దమ్మ, కూతురు నిఖిత గదిలోకి వెళ్లారు. తలుపు వేసుకున్నారు. నేను నా పేషెంట్లని చూసుకుంటూ ఉండిపోయాను. చాలాసేపటికి బయటికి వచ్చారు. అమ్మాయి మూతి ముడుచుకుని నేరుగా మెట్లు దిగి వెళ్లిపోయింది. స్వరూప నా గుమ్మం దగ్గర ఆగింది.

"ఎండల తిరుగుతున్నవా అని అడిగి, ఇప్పుడే వద్దన్నది మేడమ్," అంది, ఏదో శుభవార్త చెబుతున్నట్టుగా.